లైఫ్ కోచ్ గారి సొంత ఉత్తరం

"మీ కోపం వెనకాల ఏముందో కనుక్కుందాం," అంది లైఫ్ కోచ్, మొదటి మంగళవారం.

"పన్నెండేళ్లు పనిచేసిన కంపెనీ మూసేశారు. అదే ఉంది. కనుక్కోడానికేం లేదు."

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. పని పోయాక ఇంట్లో అందరి మీదా విరుచుకుపడుతున్నానని అక్క నన్ను బలవంతంగా ఈమె దగ్గరికి తోలింది. టైలర్ షాపు పైన చిన్న గది, రెండు కుర్చీలు. నా ఈడుది, నాకు బతకడం నేర్పుతుందట! ఒళ్లు మండిపోయింది.

"మీకో పర్పస్ కావాలి."

"నాకో ఉద్యోగం కావాలి."

"రెండూ ఒకటే కావచ్చుగా?" అని నవ్వింది. ఆ నవ్వు బాగుండటంతో ఇంకా మండింది.

ఆమె పోరు పడలేక, ఎక్కడో దూరపు ఊళ్లో లిఫ్టు పని నేర్పే స్కూల్లో మాస్టారి ఉద్యోగానికి అప్లై చేశాను. ఆ వారమే ఉత్తరాలు రాయించింది. అది ఆమె పద్ధతి. మనసులో ఉన్నది మనకి మనమే రాసుకుని మడిచి ఇస్తే, కవర్లో పెట్టి నెల తర్వాత పోస్టు చేస్తుంది. క్లయింటు మొహమాటపడకుండా ఎదురుగా తనూ ఒకటి రాసుకుని, కవర్లో పెట్టి సొరుగులో వేసుకుంటుంది.

ఉద్యోగం వచ్చింది. ఊరు మాత్రం రోజంతా రైలు ప్రయాణం. అప్పటికి నేను మంగళవారం కోసం సోమవారమే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను.

"వెళ్లండి. ఇదే మీ దారి," అంది, నా వైపు చూడకుండా.

సరే, పోతాను! ఈ పీడ వదిలిపోతుంది! అనుకున్నాను.

స్కూల్‌కి జవాబు చెప్పాల్సిన రోజు పొద్దున పోస్టు వచ్చింది. కవరు మీద నా అడ్రసు, లోపల ఆమె చేతిరాత. 'ఈ కోపిష్టి వెళ్లిపోతే మంగళవారాలు ఎలా గడపాలో తెలియదు. ఉండిపొమ్మనే హక్కు కోచ్‌కి లేదు. అనను.'

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

"ఏంటండీ ఇది?" కాగితం టేబుల్ మీద కొట్టాను. "దాచకండి, దాచకండి అని నా ప్రాణం తీసి, మీరు చేసిందేంటి?"

ఆమె ముఖం పాలిపోయింది. "కవర్లలో కాగితాలు మారిపోయాయా?"

"మీది విప్పి చూడలేదా?"

"నావి నేనెప్పుడూ విప్పను."

"అదీ సంగతి! నీతులన్నీ మాకే! విప్పండి, నాది అందులో ఉంది."

సొరుగులోంచి తీసి విప్పింది. నేను రాసింది ఒక్క ముక్కే: 'వెళ్లొద్దని ఆమె అంటే బాగుండు.'

"అరవకండి, కింద కస్టమర్లున్నారు," అంది, నేనేమీ అనకుండానే.

"వింటే విననీండి! ఇష్టమా కాదా?"

"ఇష్టమే!" ఈసారి ఆమే అరిచింది. కింద కుట్టుమిషన్ ఆగిపోయింది. "అందుకే వెళ్లమన్నాను! ఆ ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు మీ ముఖం మీరు చూసుకోలేదు, నేను చూశాను. నా కోసం ఆగిపోతే ఏడాది తిరక్కుండా నన్నే తిట్టుకుంటారు!"

నిజమే. ఆ ఉక్రోషంతోనే స్కూల్‌కి ఫోన్ కొట్టాను.

"సార్, చేరతాను." ఆమె తల దించుకుంది. "క్వార్టర్స్ ఇస్తామన్నారుగా, ఇద్దరికి సరిపోతుందా?"

"నన్నడక్కుండానే?" చటుక్కున లేచి ఫోన్ లాక్కుంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

"నమస్తే సార్. ఇద్దరమే. కాకపోతే నాకింకా ఆరుగురు క్లయింట్లున్నారు, వాళ్లని మధ్యలో వదలను. నేను రావడానికి రెండు నెలలు పడుతుంది."