అలేఖ్య మనిషి గొంతు కాదట!

"ఇది మనిషి గొంతు కాదా?"

అలేఖ్య నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. నవదీప్ లాప్‌టాప్ వెనక్కి నక్కాడు.

బ్లాంచర్డ్స్‌టౌన్ కమ్యూనిటీ హాల్లో ఉగాది పాటల సెలక్షన్. శ్రుతి కొలిచే వెబ్ పేజీ నవదీప్ తయారుచేశాడు. తొలి పాట అలేఖ్యది. మనిషి గొంతు కాదంటూ పేజీ ఠక్కున రిజెక్ట్ చేసింది.

"మెషిన్ మాటే ఫైనల్!" అన్నారు తెలుగు సంఘం ప్రెసిడెంట్ బ్రహ్మాజీ అంకుల్.

"ఇరవై హెర్ట్జే వస్తోందండీ. గేదె కూడా అంత కిందకి పాడదు," అన్నాడు నవదీప్, ఓదారుస్తున్నాననుకుని.

అలేఖ్య విసవిసా బయటికి నడిచింది.

తర్వాత అంకుల్ భార్య శాంతకుమారి ఆంటీ పాడింది. ఆవిడదీ మనిషి గొంతు కాదంది పేజీ.

"ముప్పై ఏళ్ళ నుంచి నేను చెప్తే ఎవరైనా నమ్మారా!" అన్నారు అంకుల్.

నవదీప్ గబగబా తన కోడ్ మళ్ళీ చదివాడు. పాటని విడదీసి కంప్యూటర్ వరసగా నిలువు గీతలు చూపిస్తుంది. అన్నిటికన్నా పొడుగు గీత ఇరవయ్యోదైతే ఇరవై హెర్ట్జ్ అని రాసేశాడు మన మేధావి. నిజానికి ఒక్కో గీతకి ఇరవై ఒక్క హెర్ట్జ్ పైచిలుకు. గీత నంబరుని దాంతో గుణించడం మర్చిపోయాడు!

అలేఖ్య కోసం బస్ స్టాప్‌కి పరిగెత్తాడు. ఇక్కడి వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది.

"సారీ అండీ! మీది నాలుగు వందల పైన ఉంది. లెక్కలో తప్పు నాదే."

"పర్లేదు, అయామ్ గ్రాండ్," అంది ఇక్కడి వాళ్ళలా, మొహం తిప్పుకుని. "గేదె అన్నది మాత్రం అందరూ విన్నారు."

"అందరి ముందే చెప్తాను. రండి, ప్లీజ్!"

హాల్లో వాళ్ళందరికీ అతను పెద్ద జీనియస్. ఆ పేరు ఇవాళ్టితో సరి. అయినా అలేఖ్యని వెంటబెట్టుకొచ్చి, తడిబట్టలతోనే మైక్ పట్టుకున్నాడు.

"మెషిన్ తప్పు లేదు. దాన్ని చదవడం నాకు రాలేదు. అలేఖ్య గారు మళ్ళీ పాడాలి."

ఘొల్లుమని నవ్వులు. చెవులు కాలిపోతున్నా నిలబడ్డాడు. అలేఖ్య పాడింది.

"ఎంతొచ్చిందయ్యా?" అడిగారు అంకుల్.

"చూడలేదంకుల్. వింటూ ఉండిపోయాను," అన్నాడు నవదీప్. మైక్ ఇంకా చేతిలోనే ఉంది. "ఈవిడ పాడుతుంటే జన్మంతా ఇలాగే వినాలనుంది నాకు."

ఆంటీ ఈల వేసింది. అలేఖ్య బుగ్గలు ఎర్రబడ్డాయి. వచ్చి అతని చేతిలోంచి మైక్ లాక్కుంది.

"ఆ మాట నాతో చెప్పాలి గానీ, అంకుల్‌తో ఎందుకు?"