కుడివైపు సీటు

నూజివీడు నుంచి ముసునూరు వైపు వెళ్ళేవాళ్ళు చీకటిపడ్డాక తూము మలుపు దగ్గర హారన్ కొట్టరు. కొడితే ఖాళీ కారు బదులు పలుకుతుందని భయం.

ఖాళీ కారంటే... నడిపేవాడు లేని కారు.

అక్కడ రోడ్డుకి రెండుపక్కలా మామిడి తోటలే. కొమ్మలు పైన కలిసిపోయి మిట్టమధ్యాహ్నం కూడా మసకగా ఉంటుంది. ఇక రాత్రి సంగతి చెప్పాలా? మొదట చూసింది కాయల లారీ నడిపే యలమంద. ఎదురుగా ఓ నల్లటి కారు వచ్చిందట. ఈ కాలపుది కాదు. గుండ్రటి మడ్‌గార్డులు, పక్కన మనిషి నిలబడేంత ఫుట్‌బోర్డు, ముందు రెండు పెద్ద లైట్లు, అవి కూడా ఆముదం దీపాల్లా గుడ్డిగా. దాటిపోతూ డ్రైవర్ సీట్లోకి తొంగిచూశాడు... సీట్లో ఎవరూ లేరు. సీటు ముందు స్టీరింగే లేదు! బండి మాత్రం మెత్తగా, దర్జాగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

యలమంద ఆ పూట ఎంత పట్టించాడో అని నవ్వాను నేను. కానీ మా వైపు మామిడికాయ కంటే పుకారు ముందు పండుతుంది. ఆ తర్వాత పాలవాడు చూశాడు, పెళ్ళి నుంచి వస్తున్నవాళ్ళు చూశారు. అందరూ చెప్పింది ఒకటే మాట — డ్రైవర్ సీటు ఖాళీ. ఎవరో దొరగారి ఆత్మ అన్నారు కొందరు. పోనీలే, ఒక మేలు జరిగింది. ఆ మలుపు చుట్టుపక్కల తోటల్లో రాత్రిపూట కాయ దొంగతనాలు ఆగిపోయాయి.

అసలు జరిగింది నాకు చెప్పినవాడు అనంత్. నాతోపాటే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు అని పిల్లల్ని కోప్పడే మనిషి. వాళ్ళ ఇల్లు ఆ మలుపు దాటాక, తోటల మధ్యలో. తల్లి రాజరాజేశ్వరి గారు, భార్య శ్రీరమ్య, పాలుతాగే పిల్ల అన్విత — అంతే సంసారం.

మొన్న వేసవిలో ఒక రాత్రి అతను పేపర్లు దిద్దే పని మీద నూజివీడులో ఉండిపోయాడు. శ్రీరమ్య ఫోన్ చేసింది.

"ఏవండీ, అత్తయ్యకి గుండెల్లో నొప్పట. ఒళ్ళంతా చెమటలు. అంబులెన్స్ ఎక్కడో యాక్సిడెంట్ దగ్గర ఉందంటున్నారు. మీరు వెంటనే రండి!"

"కారు తీసుకుని బయల్దేరుతున్నా. అమ్మని కదలనివ్వకు," అన్నాడు.

దారిలో హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పాడు. తీసుకొచ్చేయండి, డాక్టరు గారు ఉన్నారు అన్నారు వాళ్ళు. అమ్మని ఎక్కించుకుని వెనక్కి రావడమే మిగిలింది. తోటల్లోకి రాగానే ఫోన్లో సిగ్నల్ పోయింది. అది మామూలే.

తూము దగ్గరికి వచ్చాడు...

ఎదురుగా రెండు గుడ్డి లైట్లు.

ఇరుకు తూము మీద నల్లటి కారు అడ్డంగా ఆగి ఉంది. ఇంజిన్ చప్పుడు లేదు. ముందు భాగం నుంచి తెల్లగా పొగ లేస్తోంది. అనంత్ బ్రేకు వేశాడు. ఆ పొగలోంచి డ్రైవర్ సీటు కనిపించింది.

ఖాళీ.

అంతలో హారన్ మోగింది — సన్నగా, బొంగురుగా, ఆగి ఆగి. ఎవరూ లేని కారులో హారన్ ఎలా మోగుతుంది? చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

హారన్ ఆగింది... ఆ ఖాళీ సీట్లో కింద నుంచి ఒక ఆకారం మెల్లగా పైకి లేచింది.

తెల్ల చీర. విడిపోయిన జుట్టు. ముందు స్టీరింగు లేదు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి గాలిలో ఊగింది. తర్వాత పిలుపు... గొంతు కాదు అది, ఊపిరి.

"అనంతూ..."

పేరు! పేరు పెట్టి పిలుస్తోంది!

చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట ఒక్కటే గుర్తొచ్చిందట అతనికి. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలక్కూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిస్తేనే మనిషి. మన ఇళ్ళల్లో అందరికీ చెప్పేదే ఇది. మీకూ చెప్పే ఉంటారు.

"అనంతూ..."

రెండు. అతను ఊపిరి బిగబట్టి ఆగాడు... మూడోసారి వినిపించలేదు.

అంతే. రివర్స్ గేరు వేశాడు. దూరంగా చీకట్లో ఇంకెవరిదో మగగొంతు అరుస్తూ వస్తోంది. అదీ విన్నాడు, ఇంకా వేగం పెంచాడు. వెనక్కి వెళ్ళి, చుట్టుదారి పట్టుకుని, గతుకుల్లో పడి లేస్తూ ఇల్లు చేరాడు. దారంతా, అమ్మ దగ్గరికి వెళ్ళాలి, అమ్మ దగ్గరికి వెళ్ళాలి అనుకుంటూనే ఉన్నాడట.

శ్రీరమ్య పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అదేంటండీ, మీరిటు వచ్చారు? దారిలో ఎదురుపడలేదా?"

"ఎవరు?"

"పక్కతోట తిరుపతిరావు బాబాయి గారు. మీరొచ్చేదాకా ఎందుకు, ఎదురెళ్తే టైము కలిసొస్తుందని అత్తయ్యని ఆయన కార్లో తీసుకెళ్ళారు. మీకు ఎన్నిసార్లు చేసినా కలవలేదు."

"ఆయనకి కారెక్కడిది?"

"నాకూ తెలీదండీ ఇవాళ్టిదాకా. కాయల షెడ్డులోంచి తీశారు. పాతకాలంది, ఎంత పెద్దదో! అత్తయ్యని ముందు సీట్లోనే కూర్చోబెట్టారు. దానికి స్టీరింగు ఎడంపక్క ఉందండీ..."

అనంత్ గోడ పట్టుకున్నాడు.

తిరుపతిరావు చిన్నప్పుడు ఎవరి పెళ్ళి ఊరేగింపులోనో అలాంటి కారు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడట. ఆ పిచ్చి అరవై దాటినా వదల్లేదు. అమెరికాలో తయారైన ముప్పై ఎనిమిదో సంవత్సరం మోడలు. ఎవరో దొర ఓడలో తెచ్చుకున్నది చెన్నైలో ఒక ఇంట్లో పడి ఉంటే కొని, టార్పాలిన్ కప్పి లారీలో తెప్పించాడు. భార్య పుష్పవతికి తెలిస్తే, ఈ వయసులో నాకు సవతిని తెచ్చావా అని దులిపేస్తుందని షెడ్డులో దాచాడు. మన ఎండలకి ఇంజిన్ కాగిపోతుంది కాబట్టి రాత్రి చల్లబడ్డాకే తీసేవాడు. క్లచ్ రెండుసార్లు తొక్కి బతిమాలితేగాని గేరు పడదట. పడిందా, ఇంజిన్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టినా కదలదని మురిసిపోయేవాడు. మనవాళ్ళంతా అలవాటుగా కుడివైపు చూసి సీటు ఖాళీ అన్నారు. ఎడమవైపు చీకట్లో ఆయన కూర్చుని మీసాల్లో నవ్వుకున్నాడు. పుకారు సంగతి తెలిసీ నోరు విప్పలేదు. కాయలకి కాపలా దొరికింది మరి!

అనంత్ మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళేసరికి లైట్లు ఇంకా గుడ్డిగా వెలుగుతున్నాయి. తిరుపతిరావు రోడ్డు మీద కూలబడి ఉన్నాడు, పక్కన నీళ్ళ బకెట్. కుడివైపు సీట్లో రాజరాజేశ్వరి గారు తల వాల్చి ఉన్నారు. కిటికీలోంచి చెయ్యి ఇంకా బయటికే ఉంది.

అనంత్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"ఇంజిన్ కాగిపోయింది నాయనా," అన్నాడు తిరుపతిరావు. "బోరు దగ్గరికి నీళ్ళకెళ్ళాను. ఎవరైనా వస్తే పక్కకి వంగి హారన్ నొక్కమ్మా అని చెప్పి వెళ్ళా. నీ కారు చూసి గుర్తుపట్టింది. నేనూ అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చా... అప్పటికే తిప్పేశావు."

అనంత్ తల్లి మొహం మీద పడ్డ జుట్టు పక్కకి తీశాడు.

"నేనొచ్చేసరికి ప్రాణం ఉంది. వాడు భయపడ్డాడు తిరుపతీ, వాణ్ణేమీ అనకు అంది. 'మూడోసారి పిలిస్తే పలికేవాడే, నేనే నేర్పాను. మూడోసారికి ఊపిరి చాల్లేదు' అంది." ఆయన బకెట్ వైపు చూస్తూ ఏడ్చాడు. "అదే ఆఖరి మాట."

ఆ కారు మళ్ళీ షెడ్డు దాటలేదు. కొంటామని వచ్చినవాళ్ళకి కూడా తిరుపతిరావు తలుపు తీయలేదు. మలుపుకి మాత్రం చెడ్డపేరు అలాగే ఉంది. ఎడమవైపు స్టీరింగు సంగతి నేను ఎంతమందికి చెప్పినా, అయితే మాత్రం ఏంటండీ అంటారు.

అనంత్ రోజూ అక్కడ కారు ఆపుతాడు. అద్దాలన్నీ కిందికి దించి, ఇంజిన్ ఆపేసి, చాలాసేపు కూర్చుంటాడు. ఇలా ఎన్నాళ్ళయ్యా, ఇంటికి పో అని మొన్న స్టాఫ్‌రూములో మందలించాను.

అతను నా వైపు చూడలేదు. మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు —

"నిన్న కూడా రెండుసార్లే పిలిచిందండీ."