పోయాడన్న మాట

శనివారం పొద్దున ఆ ఇంట్లో ఎవరికీ తొందర ఉండదు. తల్లికి, కూతురికి స్కూలు సెలవు. తండ్రి పనిచేసే కళ్ళద్దాల షాపు మధ్యాహ్నం దాకానే. అయినా ఆ రోజు కూతురు అందరికన్నా ముందే లేచి బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకుంది. నీళ్ళ చప్పుడు లేదు. వంటింట్లో టీ వడగడుతున్న తల్లి చెవి అటే వేసింది.

"చిట్టెలుకా! లోపల నిద్రపోయావా ఏంటి?"

"అమ్మా! ఆ పేరుతో పిలవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

చిన్నప్పుడు బిస్కెట్లు అంచుల నుంచి చుట్టూ కొరుక్కుంటూ తినేదని వాళ్ళ నాన్న పెట్టిన పేరది. నిరుటి దాకా ఆ పేరు వింటే పరిగెత్తుకొచ్చేది. పదిహేనో ఏడు వచ్చాక ముఖం ముడుచుకుంటోంది. ఆ మాటకొస్తే ఇప్పుడు దేనికి ముడుచుకోవట్లేదు గనక! అన్నం ముందు మౌనం, ఏమడిగినా భుజాలెగరేయడం, ఫోను ఎప్పుడూ బోర్లా. మాట్లాడితే ఒక్క ముక్క. 'ఏంలేదు.'

తల్లి తొమ్మిదో తరగతి టీచరు. పేరెంట్స్ మీటింగ్ జరిగినప్పుడల్లా లేచి నిలబడి, "ఈ వయసులో పిల్లలు మన నుంచి కాస్త విడిపోయి తామెవరో తెలుసుకుంటారండీ. వాళ్ళని అనుమానంగా చూడకండి. అడగండి, వినండి" అని చెప్పేది. అందరూ తలలూపేవారు. ఇంటికొచ్చాక మాత్రం కూతురు స్నానానికి వెళ్ళగానే ఆ పిల్ల బ్యాగు జిప్పు తీసి చూసేది. ఏమీ దొరక్కపోతే మనసు కుదుటపడాలి కదా? ఇంకా కలవరపడేది. అంత జాగ్రత్తగా దాస్తోందా అనుకునేది.

తండ్రి హాల్లో అద్దం ముందు నిలబడి మీసానికి అక్కడక్కడా రంగు సరిచేసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"సాయంత్రం ఆలస్యమవుతుంది. షాపులో స్టాకు చూడాలి" అన్నాడు, అద్దంలోకే చూస్తూ.

"ఈ మధ్య ప్రతి శనివారం స్టాకేనా?"

"కొత్త ఫ్రేములొచ్చాయి మరి."

ఆమె పట్టించుకోలేదు. నలభై ఏడేళ్ళొచ్చాక మగవాళ్ళకి అద్దం మీద కొత్తగా ప్రేమ పుడుతుందని స్టాఫ్ రూమ్‌లో తనే జోకులేసి నవ్వించింది. ఆమె దిగులంతా కూతురి గురించే. మొగుడి గురించి ఏం ఆలోచించాలి? ఆయన గోడ గడియారం లాంటి మనిషి. ఉన్నాడని కూడా గుర్తుండదు.

ఆయన వెళ్ళాక కూతురు బయటికొచ్చింది. "సాయంత్రం సైన్స్ స్పెషల్ క్లాసుంది" అంది.

"శనివారమా?"

"ఊఁ."

"ఎవరు చెబుతున్నారు?"

"అబ్బా అమ్మా! పోలీస్ స్టేషన్‌లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరేమో!"

తలుపు ధడాలున పడింది.

తల్లి బట్టలు ఆరేయడానికి మెట్లు దిగితే కింద పోర్షన్‌లో ఉండే టైలరమ్మ దారప్పోగు నోట్లోంచి తీసి, కళ్ళు చిన్నవి చేసి పిలిచింది.

"ఏమనుకోవద్దు టీచరమ్మా. పోయిన శనివారం మీ అమ్మాయిని హాస్పిటల్ రోడ్డులో చూశాను. పండ్ల బండి వెనకాల నక్కి నిలబడింది. నేను పిలిస్తే ఉలిక్కిపడి తల తిప్పేసుకుంది. ఎవరికోసమో చూస్తున్నట్టుంది. మనకెందుకులే గానీ, ఆడపిల్ల కదా..."

'మనకెందుకులే' అన్న మనిషి ఇంకా చాలాసేపు మాట్లాడింది. తల్లికి అదేమీ వినబడలేదు. అరచేతుల్లో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం కూతురు గుమ్మం దాటగానే ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనకాలే బయలుదేరింది. తన స్టూడెంట్లెవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కొంగు తల మీదికి లాక్కుంది. కూతురు స్కూలు వైపు తిరగలేదు. మందుల దుకాణాల వరస దాటింది, ఎక్స్‌రే సెంటర్ దాటింది, అక్కడో సందులోకి మళ్ళి, పండ్ల బండి చాటున ఆగిపోయింది. ఎదురుగా పసుపు గేటు. లోపల రెండంతస్తుల ఇల్లు, కిటికీలన్నిటికీ ఒకే రంగు తెరలు. బోర్డు లేదు.

తల్లి రెండంగల్లో వెళ్ళి ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది.

"ఎవడు వాడు?"

కూతురు గిరుక్కున తిరిగింది. ముఖంలో రక్తం లేదు. "అమ్మా... నువ్వు ఇక్కడికి రాకూడదు. ఇంటికి పద. ప్లీజ్, పద."

"నేను రాకూడదా? స్పెషల్ క్లాసని చెప్పి ఈ సందులో నిలబడతావా? ఎవడో చెప్పు, ఇప్పుడే తేల్చేస్తాను!"

"ఎవడూ లేడమ్మా!"

"మరి ఆ ఇంట్లో ఎవరున్నారు?"

కూతురు పెదవి కొరుక్కుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాన్న" అంది.

"నాన్నేంటి?"

"లోపలున్నది నాన్న. వెనకాలే వచ్చి చూశాను, ప్రతి శనివారం ఇక్కడికే వస్తున్నాడు. షాపులో స్టాకూ లేదు, ఏమీ లేదు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ గేటు తీస్తుంది. నాన్నని చూసి నవ్వుతుంది. నాన్న కూడా నవ్వుతాడు. ఇంట్లో ఎప్పుడైనా అలా నవ్వాడా? ఇంటికొచ్చాక చొక్కా వాసన చూశాను. మన సబ్బు వాసన కాదు. ఎవరిదో పౌడరు వాసన." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "నీకు తెలిస్తే తట్టుకోలేవని చెప్పలేదు. నీతో మాట్లాడితే నోరు జారతానేమోనని మాట్లాడటమే మానేశాను."

తల్లి ఆ పిల్ల మోచెయ్యి వదిలేసింది. ఇన్నాళ్ళూ ఆమె అనుమానమంతా ఒకే వైపు గురిపెట్టి ఉంది. ఇప్పుడది ఒక్కసారిగా మొహం తిప్పుకుని తన కాపురంలోకే చూసింది. మీసానికి రంగు, ఇస్త్రీ చొక్కా, అద్దంలోంచి చెప్పిన అబద్ధం. అన్నీ కళ్ళముందే జరిగాయి. నవ్వులాటగా తీసుకుంది. ఆ మనిషి మనసులో ఏముందని తను ఆఖరిసారి అడిగిందెప్పుడు? ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు.

"నువ్వు ఇంటికెళ్ళు" అంది.

"నేనొస్తా."

"పిల్లలు చూడాల్సినవి కావివి."

"నీకన్నా ముందు చూసింది నేనే కదమ్మా."

ఇద్దరూ రోడ్డు దాటారు. తల్లి గేటు గడియ గట్టిగా ఆడించింది. ఆకుపచ్చ చీరావిడ బయటికొచ్చింది. యాభై దాటి ఉంటుంది. చేతిలో మందుల ట్రే, జడ పైకి ముడేసి ఉంది.

"ఎవరు కావాలమ్మా?"

"కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆయన." తల మీది కొంగు తీసేసింది. "ఆయన భార్యని."

"అయ్యో, మీరేనా! లోపలికి రండి. మీ గురించి, పాప గురించి చెబుతూనే ఉంటారు. గడ్డం గీస్తున్నారు."

"ఎవరికి?"

ఆవిడ వింతగా చూసింది. "ఎవరికేంటమ్మా? వాళ్ళ నాన్నగారికి."

తల్లి, కూతురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తల్లికి పెళ్ళయ్యే నాటికే మామగారు లేరు. పెళ్ళిలో అత్తగారి నుదుట బొట్టు లేదు. ఆ అత్తగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది.

వరండా చివర గదిలో ఒక ముసలాయన కుర్చీలో మెడ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగతో ఉంది. ఆమె భర్త చొక్కా చేతులు మడిచి, ఆ గడ్డం కింద వేలు ఆనించి, చంటిపిల్లాడికి కాటుక పెట్టేంత మెల్లగా రేజరు నడుపుతున్నాడు. గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు. రేజరు గాలిలోనే ఆగిపోయింది.

"బయటికి పదండి" అన్నాడు. నురగ తుడిచి, ముసలాయన భుజం మీద తువ్వాలు సర్ది వచ్చాడు.

వరండాలో ఆమె విరుచుకుపడింది. "చచ్చిపోయాడన్నారు! పెళ్ళిచూపుల్లో మా నాన్న ముందు కూర్చుని, మీ నాన్నగారు చచ్చిపోయారని చెప్పారు!"

"చచ్చిపోయాడనలేదు. పోయాడన్నాను."

"ఏంటి తేడా?"

"మీ నాన్నగారు 'మీ తండ్రిగారు?' అని అడిగారు. వెళ్ళిపోయాడని చెప్పాలి. నోరు రాలేదు. పోయాడన్నాను. ఆయన 'అయ్యో పాపం' అన్నారు. ఇంక దిద్దలేదు. అమ్మ కూడా దిద్దలేదు. ఊళ్ళో అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేక ఊరు మారి, ఆవిడ ముందే బొట్టు తీసేసింది. ఒకసారి చంపేశాక మళ్ళీ ఎలా బతికిస్తాం, చెప్పు?"

"ఎప్పుడు వెళ్ళిపోయారు?"

"నాకు చిట్టెలుకంత వయసప్పుడు. పరీక్ష తప్పానని కొట్టాడు. ఈయనతో ఒకే ఇంట్లో ఉండలేనని అమ్మతో అన్నాను, ఆయనకి వినబడేలాగే. మర్నాడు పనికెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. నా మాట వల్లే వెళ్ళాడనుకుంటూ పెరిగాను."

కూతురు గోడకి ఆనుకుని నిలబడింది.

"మొన్న వేసవిలో ఈ వృద్ధాశ్రమం వాళ్ళు కొందరు ముసలివాళ్ళని అద్దాలకి తీసుకొచ్చారు" అన్నాడు ఆయన. "కంటిపాపల మధ్య దూరం కొలవాలంటే ముఖం దగ్గరగా చూడాలి కదా. చూశాను. మా నాన్నే. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను స్కేలు పట్టుకుని అలాగే ఉండిపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన ఇల్లు వదిలిన వయసే ఇప్పుడు నాది. ఈ మధ్య నాకూ... షాపు తాళం వేశాక, ఇంటివైపు కాకుండా రెండోవైపు నడుచుకుంటూ పోతే ఎలా ఉంటుందా అనిపిస్తోంది. మీ మీద కోపం కాదు. ఇంతేనా అనిపిస్తుంది, అంతే. భయమేసింది. ఎందుకు వెళ్ళావని ఆయన్నే అడుగుదామని వచ్చాను."

"అడిగారా?"

"నేనెవరో చెప్పి మరీ అడిగాను. ఇల్లు ఇరుగ్గా అనిపించిందన్నాడు. నేనన్న మాట ఆయనకి గుర్తే లేదు. ఎంత గుచ్చి అడిగినా, నువ్వేమీ అనలేదే అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా మోశానే, ఆ మాట ఆయన చెవిని కూడా తాకలేదు."

"నాన్నా!" కూతురు ముందుకొచ్చింది. "వేసవిలో టూర్‌కి పంపనన్నావని నేను... నువ్వు లేకపోతేనే ఈ ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్నాను. ఆ వారం నుంచే శనివారాలు బయటికెళ్ళడం మొదలుపెట్టావు. నేనలా అన్నందుకే ఇంకెవరినో వెతుక్కున్నావనుకున్నా. నువ్వు కూడా వెళ్ళిపోతావా?"

ఆయన ముఖం ఒక్కసారిగా పసివాడిదైపోయింది. రెండు చేతుల్తో కూతురి తల పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ఆ పిల్ల ఇష్టపడని పేరు పలకబోయి మానేశాడు.

"నువ్వన్న మాట ఆ పూటే మర్చిపోయాను తల్లీ. పిల్లల మాటకి పెద్దవాళ్ళు ఇల్లొదిలి పోరు. వెళ్ళేవాళ్ళు తమ లోపలి గోలకే వెళతారు. అది నీ నెత్తిన వేసుకోకు. నేను ఎక్కడికీ వెళ్ళను. మనసు అటు లాగిందనుకో, ఇంటికొచ్చి మీ ఇద్దరికీ చెబుతాను. ఇలా దొంగతనంగా కాదు."

కూతురు ఆయన చొక్కాలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లికి కోపం పోలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఇంత పెద్ద సంగతి తనకి తెలియనివ్వలేదన్న మంట అలాగే ఉంది. కానీ దాని పక్కనే ఇంకో నొప్పి. ఊళ్ళో అందరికీ 'అడగండి, వినండి' అని చెప్పిన మనిషి ఒకే కప్పు కింద ఇద్దరు దిగులుతో కుంగిపోతుంటే ఒకరి బ్యాగు వెతికింది, ఇంకొకరి మీద జోకులేసింది. ఒక్కరినైనా కూర్చోబెట్టి 'ఏమైంది' అని అడగలేదు.

"మీ మీద నాకు చాలా కోపముంది" అంది.

"తెలుసు."

"ఇంటికెళ్ళాక అంతా చెప్పాలి. మొదట్నుంచీ."

"చెబుతాను."

లోపల్నుంచి సన్నని గొంతు వినిపించింది. "ఎక్కడికి పోయావు బాబూ? ఒక బుగ్గ మిగిలిపోయిందిగా!"

కూతురు ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది. ఆయన లోపలికి వెళ్ళబోతే తల్లి చెయ్యి అడ్డం పెట్టి తనే ముందు గుమ్మం దాటింది. ఒక ఇల్లాలి బతుకు, ఒక పిల్లాడి పదిహేనేళ్ళ మనసు ఈ మనిషి వల్లే చితికాయి. నాలుగు మాటలు దులిపేయాలనే వెళ్ళింది. ముసలాయన కొత్త కళ్ళద్దాలు తడుముకుని పెట్టుకున్నాడు. సగం గడ్డంతో, బడికి ఆలస్యమైన పిల్లాడిలా బిత్తరగా చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ ఎవరినీ పిలవని పిలుపు నోటికొచ్చింది. దాంతోపాటు పొద్దుట్నుంచి ఆపుకున్న ఏడుపూ వచ్చింది.

"మీ కోడల్ని, మామయ్యా" అంది.

ముసలాయనకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత పక్కనున్న మంచం మీద మడిచిన దుప్పటి అవతలికి జరిపి, ఆమెకి కూర్చునే చోటు చూపించాడు.