హైమ కలలో ఖాళీ లేదు

మధ్యాహ్నం భోజనాలయ్యాక భీమిలి తీరంలోని ఆ ప్రసూతి ఆస్పత్రి సగం నిద్రపోతుంది. అత్యవసర విభాగం వాళ్లు మాత్రం మేలుకుని ఉంటారు. మిగిలిన డాక్టర్లు సముద్రం వైపు హాల్లో వరసగా వేసిన మంచాల మీద వాలి, నుదుటికి కలపట్టీలు కట్టుకుంటారు. ఆ గంటసేపూ వాళ్ల పెద్ద డాక్టరు వకుళ అందరి నిద్రలోకీ వచ్చి పాఠం చెబుతుంది. దాన్ని పాఠనిద్ర అంటారు. కలలో కోసిన పొట్టకి కలలోనే కుట్లు వేస్తారు. లేచేసరికి చేతికి ఆ పని వచ్చేసి ఉంటుంది. కునికితే చీవాట్లు తిన్న కాలం పోయి, కునక్కపోతే చీవాట్లు తినే కాలం వచ్చింది.

ఈ పద్ధతి కోసం పట్టుబట్టి సాధించింది వకుళే. ఆవిడ నేర్చుకునే రోజుల్లో పెద్ద సర్జన్ల వెనక పొద్దుపోయేదాకా తిరగాల్సి వచ్చేది. ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయి ఉండేది. ఆ పిల్ల వేసిన తొలి అడుగుని వకుళ ఫోన్లో చూసింది. తనతో చదివిన ఆడపిల్లలు చాలామంది పురుడయ్యాక ఆపరేషన్లే మానుకున్నారు. ఇప్పుడు నాలుగింటికల్లా అందరూ ఇళ్లకి పోతున్నారు. ఆస్పత్రుల్ని నడిపే కుర్చీల్లో సగానికి పైగా ఆడవాళ్లే కూర్చున్నారు. వకుళకి దాని మీద గర్వం ఉంది, ఉండాలి కూడా.

అయితే మనిషికి రోజుకి దొరికే కల కొంతే. పాఠనిద్ర దాన్ని కాస్తా వాడేసుకుంటే, రాత్రికి మెత్తటి ఖాళీ నిద్ర మిగులుతుంది. దాన్ని ఎవరూ లోటనుకోలేదు. కలలు కూడు పెడతాయా అనుకుని ఊరుకున్నారు.

హైమకి ఏడో నెల. వకుళ తర్వాత పెద్ద డాక్టరు కుర్చీ హైమదేనని ఆస్పత్రిలో అందరికీ తెలుసు. చివరి విడత పాఠాలు పూర్తిచేస్తే చాలు. ఆ మధ్యాహ్నం ఆమె కలపట్టీ కట్టుకోకుండా, దాన్ని చేత్తో పట్టుకుని వకుళ గదికి వచ్చింది. పురుడయ్యేదాకా పాఠనిద్ర మానేస్తానంది. మధ్యలో మానేస్తే కుర్చీ ఇంకొకరికి పోతుందని ఇద్దరికీ తెలుసు. వకుళ కారణం అడిగింది.

చెప్పడానికి హైమ కాస్త సిగ్గుపడింది. వాళ్లమ్మ వరాలమ్మ పోయి ఏడాది కావస్తోంది. కూతురు కడుపుతో ఉంటే చూడాలని ఆవిడకి ఎంతో ఆశ, ఆ ఆశతోనే పోయింది. పోయినవాళ్లు కడుపుతో ఉన్న పిల్ల కలలో కనిపిస్తే, వాళ్లే మళ్లీ పుడుతున్నారని వాళ్ల ఇళ్లలో నమ్మకం. బిడ్డకి ఆ పేరే పెడతారు. హైమ అత్తగారు పొద్దున్నే కాఫీ చేతికిస్తూ, "మీ యమ్మ వచ్చిందేటమ్మా?" అని రోజూ అడుగుతోంది. రోజూ రాలేదనే చెప్పాల్సి వస్తోంది.

"నమ్మకం సంగతి పక్కన పెట్టండి మేడమ్. అమ్మని ఒక్కసారి చూడాలనుంది. నా కలలో ఖాళీ లేదు, మీరే ఉంటున్నారు."

వకుళ నవ్వబోయి ఆగింది. హైమ చేతిలోని పట్టీ తీసుకుని సొరుగులో పెట్టింది. కుర్చీ సంగతి తను చూసుకుంటానని, ఆపరేషన్ థియేటర్లో తన పక్కన నిలబడి కళ్లు తెరుచుకునే నేర్చుకోమని, నాలుగింటికి మాత్రం మెడపట్టి ఇంటికి గెంటేస్తానని చెప్పింది. పాలకమండలి గొణిగింది. శిష్యురాలు మేలుకుని ఉంటే గురువుకి నిద్రెలా పడుతుందని, ఆవిడ తన కలపట్టీ కూడా తీసేసింది. మిగిలినవాళ్లకి దాచి ఉంచిన పాత పాఠాలే మళ్లీ పెట్టారు.

కొన్నాళ్లకి హైమకి కల వచ్చింది. ఆపరేషన్‌కి ముందు ఇద్దరూ చేతులు కడుక్కుంటూ ఉండగా ఆ సంగతి నవ్వుతూ మొదలుపెట్టింది. పెరట్లో ఎవరో అమ్మ చీర కట్టుకుని, అమ్మ పీట మీద కూర్చుని చేపలు బాగుచేస్తున్నారు. పరిగెత్తుకెళ్లి చూస్తే వకుళ ముఖం. "లోపలి పొర కుట్టావా?" అని అడిగిందట. మర్నాడూ అదే కల. ఆ తర్వాతా అదే. చెబుతూ చెబుతూనే హైమ ఏడ్చేసింది.

వకుళ కుళాయి కట్టేసింది. ఈ పిల్లలకి సాయంత్రాలు ఇచ్చాననుకుంది. వాళ్ల తల్లులు వచ్చి కూర్చునే చోటు తను ఆక్రమించానని ఆవిడకి తెలీదు. కలపట్టీ కనిపెట్టినవాళ్లకీ తెలీదు.

"మీ అమ్మ గురించి చెప్పు. ముఖం కనబడేదాకా చెప్పు," అంది వకుళ.

ఆ రోజు నుంచి అందరూ పాఠనిద్రలో ఉన్న వేళ వాళ్లిద్దరూ వరండాలో కూర్చునేవారు. ఇసుకలో వలలు ఆరుతుండేవి, ఎండ నీళ్ల మీద కదులుతుండేది, లోపల అంతమంది ఊపిరి ఒక్కలాగే వినిపించేది. హైమ చెప్పేది. వరాలమ్మ అందరికీ వడ్డించి తను నిలబడే తినేది. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. కోపమొస్తే కూతుర్ని పేరు పెట్టి పిలవకుండా 'డాక్టరుగారూ' అనేది. వకుళ మధ్యలో ఏదో ఒకటి అడిగేది. ఒక్కోసారి వరాలమ్మ ఆ పక్కనే కూర్చుని ఉన్నట్టుండేది. అయినా హైమ కలల్లో ముఖం మారలేదు.

ఓ ఆదివారం పొద్దున్నే వకుళ హైమ ఇంటికి వచ్చింది. అత్తగారు కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తెల్లవారుజామున నాకు కలొచ్చింది హైమా. ఎన్నేళ్లకో వచ్చింది. మీ అమ్మ కనిపించింది."

వరాలమ్మ ఆస్పత్రి గుమ్మంలో నిలబడిందని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుందని, లోపలికి రమ్మంటే రాలేదని వకుళ చెప్పింది. "'మా పిల్ల ఇక్కడే ఉంటాదన్నారు, తిన్నాదా?' అని అడిగింది. తిందని చెప్పాను."

ఎవరి కలలోకొస్తే ఏటి, వచ్చింది కదా, ఇంక పేరు ఖాయమని అత్తగారు కళ్లొత్తుకుంది. హైమకి మాత్రం సంతోషంతో పాటు అసూయ కూడా పొంగుకొచ్చింది. కన్నకూతుర్ని వదిలి అమ్మ వేరేవాళ్ల దగ్గరికి ఎందుకెళ్లిందో ఆమెకి అర్థం కాలేదు. చివరికి హైమ వకుళ చెయ్యి పట్టుకుంది.

"ఈసారి వస్తే దారి చెప్పండి మేడమ్. తను పోయాక మేం ఇల్లు మారాం. అమ్మకి తెలీదు."