భుజం మీద వెదురు

చెట్టు ఎవడైనా కోస్తాడు. కోసి ఇంటికి తిరిగి రావడమే విద్య. ఏళ్ళ తరబడి మెషిన్ రంపం పట్టిన జీవరత్నం ఇంకా కాళ్ళూ చేతులతో తిరుగుతున్నాడంటే, అదంతా ఆ వెదురు చలవే.

చెవులకి డిప్పలు పెట్టుకుని రంపం నడిపేవాడికి పిడుగు పడ్డా వినపడదు. అందుకే తోడుమనిషి పొడుగాటి వెదురుతో వెనక నిలబడి, పైకొమ్మల్ని కనిపెట్టుకుని ఉంటాడు. భుజం మీద ఒకసారి తడితే ఆగమని. రెండుసార్లు తడితే చెట్టు కదిలింది, పరిగెత్తమని. వెనక్కి చూడకూడదు, ఎందుకని అడగకూడదు.

ఆ వెదురు ఇదివరకు పెద్ద బావమరిది ఎరిక్ పట్టేవాడు. ఎడంచేతివాటం మనిషి. ఎడమ భుజం మీద ఠపీమని కొట్టేవాడు. కిందటేడు అలాగే రెండు కొట్టాడు. జీవరత్నం పరిగెత్తాడు. దారిలో జీవరత్నం పడేసిన తాళ్ళే ఎరిక్ కాళ్ళకి చుట్టుకున్నాయి. "బావా!" అని అరిచాడని చూసినవాళ్ళు చెప్పారు. చెవులకి డిప్పలాయె, ఏం వినపడుతుంది!

ఇప్పుడు వెదురు చిన్న బావమరిది జెఫ్రీ చేతిలో ఉంది. పొద్దున్న వాట్‌గంజ్ పేటలోని ఇంట్లో విజయ కుమారి అన్నం డబ్బా అందిస్తూ మొగుడితో అంది: "ఒక తమ్ముణ్ణి మట్టిలో పెట్టేను. ఈడ్ని మాత్రం నాకు తెచ్చీయండి."

"తెస్తానే. ప్రభువు మీద ఒట్టు."

ఖిదిర్‌పూర్‌లో ఒక పాత గోడౌను వెనక, ఒరిగిపోయిన పెద్ద నిద్రగన్నేరు. పడాల్సిన వైపు ముక్కోణంగా కోశాడు. పారిపోయే దారి తనే ఊడ్చుకున్నాడు. ఈసారి తాడుముక్క కూడా లేదు. వెనకవైపు రంపం పెట్టేసరికి గంగ మీంచి మబ్బు కమ్ముకొచ్చి పట్టపగలే చీకటైపోయింది. "దాదా, ఝొడ్ ఆశ్ఛే!" గాలివాన వచ్చేస్తోందని చేతులూపి బెంగాలీ కాపలావాడు లోపలికి పారిపోయాడు. గాలి స్తంభించింది. పచ్చి కర్ర వాసన, పెట్రోలు వాసన... వాటి మధ్య ఇంకోటి. కొత్తగా తవ్విన గోతి వాసన.

మధ్యలో నాలుగు వేళ్ళ చెక్క మిగలాలి. తలుపుకి బందులాగ అదే మానుని పట్టుకుని వాలుస్తుంది. ఇంకా కొంచెం కోత ఉంది.

ఠప్... ఠప్.

రంపం వదిలేసి పరిగెత్తాడు. గోడ దగ్గర ఆగి తిరిగి చూశాడు. చెట్టు కదల్లేదు. ఆకు కూడా కదల్లేదు. రంపం కోతలోనే గురగురలాడుతోంది. పక్కన జెఫ్రీ వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాడు. జీవరత్నం డిప్పలు తీశాడు.

"ఏటి బావా, పారిపోయేవు? నాను తట్టనేదే!"

అప్పుడు మండింది భుజం. ఎడమ భుజం.

జెఫ్రీ ఎప్పుడూ కుడి భుజమే తడతాడు. బావంటే గౌరవం వాడికి, ఈగ వాలినంత మెత్తగా తడతాడు.

"ఒరే... ఇలా వచ్చీ. చెట్టు దగ్గరుండకు."

"రంపం ఆపీసి వస్తాను బావా. కొత్తది, పాడైపోద్ది."

"వద్దురా!"

జెఫ్రీ రంపం మీదికి వంగాడు. అప్పుడొచ్చింది గాలి. బందు ఫెళ్ళున చీలింది. మొదలు వెనక్కి తన్నింది...

"బావా!"

ఈసారి బాగా వినపడింది. రెండు గొంతులతో.

సాయంత్రం ఆసుపత్రి నుంచి జీవరత్నం ఒక్కడే, వానలో నిలువునా తడుస్తూ ఇల్లు చేరాడు. విజయ కుమారి గరిటె చేత్తోనే తలుపు తీసింది.

"తమ్ముడేడండీ? ఆడికిష్టవని చేపల పులుసెట్టేను."

నోరు తెరిచాడు. ఠప్. ఎడమ భుజం మీద.

ఒకటంటే ఆగమని. ఆగాడు. వెనక్కి చూడలేదు. చూడకూడదు కదా...

తర్వాత కుడి భుజం మీద. ఈగ వాలినంత మెత్తగా.

"అలా ఉలిక్కిపడతారేటి?" అంటూ ఆమె దగ్గరికొచ్చి, కుడి భుజం మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "ఒళ్ళంతా నీళ్ళోడతంటే... ఇక్కడ మాత్రం పొడి రంపంపొట్టేటండీ, వెదురు కొనంత గుండ్రంగా?"