మూడు వందల గ్రాముల గిన్నె

ఉదయం 7:10. పరుగు ట్రాక్ మూడో మలుపులో పదహారేళ్ల పిల్ల బోర్లా పడి ఉంది. స్పోర్ట్స్ హాస్టల్లో ఉన్న నలభై మందిలోకీ వేగంగా పరుగెత్తేది ఈ పిల్లే.

9:30కి ఆసుపత్రి నుంచి డాక్టర్ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఊపిరి ఉంది, స్పృహ లేదు. విషం కాదు. వారాల తరబడి కడుపుకి సరైన తిండి లేదు.

ఇన్‌స్పెక్టరమ్మకి అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మూడు పూటలా పొయ్యి వెలిగే చోట పిల్ల పస్తులతో పడిపోవడమేమిటి? తిన్నగా హాస్టల్ వంటగదికి వచ్చింది.

కోచ్ అప్పటికే దొంగని పట్టేశాడు. పిల్ల ఫోన్‌లో యాప్ తెరిచి చూపించాడు. రోజూ పొద్దున ఓట్స్ జావ, మూడు వందల గ్రాములు, 1140 కేలరీలు. నలభై గిన్నెలకి పన్నెండు కిలోల ఓట్స్ పడాలి. ఈ రోజు చెత్తబుట్టలో దొరికినవి కిలో ప్యాకెట్లు రెండే. స్టోర్ తాళం వంటాయన దగ్గరే ఉంటుంది. కంచే చేను మేసిందని కోచ్ తేల్చేశాడు.

వంటాయన కానిస్టేబుల్ పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఇలాగే వండుతున్నానన్నాడు. సాయంత్రంలోగా అతన్ని లోపలెయ్యాలని కోచ్ పట్టుబట్టాడు.

"పిల్ల మధ్యాహ్నం ఏం తినేది?" కోచ్‌ని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"సగం ప్లేటు."

"రాత్రి?"

"ఏమీ లేదు. రోజుకి 1800 కేలరీలు దాటితే యాప్‌లో ఎర్ర గీత వస్తుంది మేడమ్. గీత వస్తే ప్లేటు ముట్టకూడదు. హాస్టల్లో అందరికీ నా రూల్ అది."

"ఆకలేస్తోందని చెప్పలేదా?"

"చెప్పింది. ఫోన్ చూసుకోమన్నాను."

"యాప్‌లో ఈ జావ లెక్క ఎక్కించిందెవరు?"

"నేనే. ప్యాకెట్ మీద చూసి పెట్టాను. వంద గ్రాములకి 380."

ఆ మాట గొప్పగానే చెప్పాడు మహానుభావుడు.

ఇన్‌స్పెక్టరమ్మ త్రాసు తెప్పించింది. యాభై గ్రాముల ఓట్స్ తూచి, రోజూ ఎలా వండుతావో అలాగే వండమని వంటాయనకి ఇచ్చింది. 11:40కి జావ దిగింది. గిన్నె బరువు తీసేసి తూచారు. మూడు వందల గ్రాములు.

"పొయ్యెక్కింది యాభై. దిగింది మూడు వందలు. మిగతాదంతా నీళ్లే, జావంటే అదే కదా. ప్యాకెట్ మీది లెక్క పొడి ఓట్స్‌ది. మీరు దాన్ని ఉడికిన జావకి అంటగట్టారు. ఇందులో ఉన్నది 190. నలభై యాభైలెంతండీ? రెండు వేలు. రెండు కిలోలు. సరిగ్గా రెండు ప్యాకెట్లు."

ఈ రోజుల్లో అందరూ యాప్‌నే నమ్ముతారు కదా అని కోచ్ నసిగాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"త్రాసు మీ వంటగదిలోనే ఉంది. ఒక్కసారి తూచి చూడ్డానికి చేతులు రాలేదు. పిల్ల ఆకలంటే అబద్ధం, ఫోన్ చెబితే వేదవాక్కు. పైగా ఇతన్ని దొంగని చేశారు."

కేసు కోచ్ మీద రాయమని కానిస్టేబుల్‌కి చెప్పింది. అంతలో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పిల్ల కళ్లు తెరిచింది. వంటాయన గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. ముందు మిగతా పిల్లలకి కడుపునిండా వడ్డించమంది ఇన్‌స్పెక్టరమ్మ.

12:30. డైనింగ్ హాల్లో ముప్ఫై తొమ్మిది ప్లేట్లు నిండాయి. ఒక్క పిల్లా చెయ్యి పెట్టలేదు. అందరూ కోచ్ మొహం వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఈయన్ని బయటికి తీసుకెళ్లు," అంది ఇన్‌స్పెక్టరమ్మ కానిస్టేబుల్‌తో.

తలుపు మూసుకున్నాక పిల్లలు తినడం మొదలుపెట్టారు.