ఫుజైరా ప్రైమరీ

ముగ్గురు అభ్యర్థుల్లో మొదటివాడు రాస్ అల్ ఖైమాలో ఒక కంకర క్రషర్ కింద దొరికాడు. దొరికినదంతా ఒక సిమెంటు బస్తాలో పట్టింది.

"ఇక మిగిలింది ఇద్దరు," అన్నాడు చీఫ్, కారు అద్దం పైకెత్తుతూ.

1979 ఏప్రిల్. అబూదాబీ బయట మఫ్రఖ్ లేబర్ క్యాంపు పక్కన ఆగిన కారది. వెనక సీట్లో ఏజెంట్ పెద్దిరాజు కాటరింగ్ సూపర్‌వైజర్ వేషంలో ఉన్నాడు. నూనె మరకల చొక్కా, జేబులో మూడు పెన్నులు. ఒకటి మైక్రోఫోన్, ఒకటి కెమెరా. మూడోది నిజంగానే రాస్తుంది.

"మర్జానా దీవుల్లో పదకొండేళ్ళ తర్వాత ప్రెసిడెంట్ ఎన్నిక. అక్కడ ప్రతిపక్షం మీటింగు పెడితే కాల్చేస్తారు. అందుకని పార్టీ ప్రైమరీ ఇక్కడ, ఫుజైరా హోటల్లో. రెండువందల మంది డెలిగేట్లు. ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి ఓటింగు. గెలిచినవాడే పార్టీ అభ్యర్థి."

"ఆ ఇద్దరూ ఎవరు?"

"ఒకడు కల్నల్ జుబైర్. ఒక విదేశీ ముఠా మనిషి. గెలిస్తే మర్జానా రేవు వాళ్ళ సబ్‌మెరైన్లకు రాసిచ్చేస్తాడు. రెండోవాడు డాక్టర్ దారాబ్. కూలీల కోసం జైలుకెళ్ళాడు, పేదల మనిషంటారు. ముఠా ఇప్పుడు అతన్ని లేపేస్తుంది. నీ పని రెండు. దారాబ్ బతకాలి. ఇద్దర్నీ దగ్గర్నుంచి తూచి రిపోర్టియ్యాలి. మంచివాడి వెనక ఢిల్లీ నిలబడుతుంది."

"మంచివాడు దొరక్కపోతే?"

"రిపోర్టు దొరికితే చాలు."

మఫ్రఖ్ క్యాంపు నుంచి పన్నెండుమంది కూలీలను వడ్డనకని బస్సెక్కించి పెద్దిరాజు ఫుజైరా చేరాడు. హోటల్ లాబీలో ఒక ఆకుపచ్చ చీర అతని పక్కన ఆగింది.

"బియ్యం ఎక్కడివి సాబ్?"

"నెల్లూరువి. రాళ్ళు మాత్రం ఇక్కడివి."

కోడ్ సరిపోయింది. ఆవిడ రహమతున్నీసా, హైదరాబాదు మనిషి, డెలిగేట్లకు ఇంటర్‌ప్రెటర్. చూస్తే చూపు తిప్పుకోలేం. ఢిల్లీకీ పనిచేస్తుంది, ముఠాకీ పనిచేస్తుంది. ఆ సంగతి రెండు పక్షాలకీ తెలుసు. ఎవరితో నిజం చెబుతుందో మాత్రం ఎవరికీ తెలీదు.

"ఎదురు బిల్డింగ్ మీద వాటర్ ట్యాంక్ ఉంది గదా," అంది గుసగుసగా. "నాలుగు గంటలకు రైఫిల్‌తోని ఒకడు అక్కడ కూసుంటడు. దారాబ్ కిటికీ దగ్గరికి రాంగనే ఖలాస్."

ఓటింగు రోజు మధ్యాహ్నం పెద్దిరాజు ఎదురు బిల్డింగుకు బయల్దేరుతుంటే వడ్డన కూలీల్లో ఒకడు, లింబాద్రి, అడ్డమొచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె. మూడేళ్ళయింది బిడ్డ మొహం చూసి. వచ్చే నెల సెలవిస్తానని వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మాటిచ్చాడు, వెళ్ళి మళ్ళీ ఇదే పనిలోకి రావచ్చన్నాడు. ఆ ఒక్క మాట మీదే మనిషి నిలబడి ఉన్నాడు.

"సార్, జరమొచ్చిన లచ్చన్న జాగల పొద్దుగాల జోసెఫ్ అనేటోడు వచ్చిండు గదా. వాడు గమ్మతుగున్నడు."

"ఏం చేశాడు?"

"గేటు కాడ పోలీసోడు కాగితం అడిగితే మేమందరం లేబర్ కార్డులు సూపెట్టినం. వాడు జేబుల కెల్లి పాస్‌పోర్టు తీసిండు సార్! మా పాస్‌పోర్టులు కఫీల్ బీరువల వడి మూడేండ్లాయె. వాడు ఏ ముదీర్ సాబ్ అల్లుడని ఇచ్చిర్రు? జర అడుగరాదుండ్రి, నాది గూడ ఇస్తరేమో."

"తర్వాత చూద్దాంలే. యల్లా, పని చూడు," అని విసుక్కుని వెళ్ళిపోయాడు పెద్దిరాజు. కూలివాడి మాట ఎవరు వింటారు? గూఢచారులు అసలే వినరు.

నాలుగింటికి ఐదు నిమిషాలు. వాటర్ ట్యాంకు వెనక రైఫిల్ లేదు, మనిషి లేడు. రెండు పావురాలున్నాయి. రహమతున్నీసా తనని కావాలనే ఇక్కడికి ఎక్కించిందని అప్పుడర్థమైంది. లింబాద్రి చెప్పింది కూడా అప్పుడే అర్థమైంది.

ముఠావాళ్ళు బుద్ధిమంతులు. జోసెఫ్ పాస్‌పోర్టు మీద ఫొటో, వీసా, సీళ్ళు అన్నీ కుదిరించారు. గల్ఫులో కూలివాడి పాస్‌పోర్టు వాడి జేబులో ఉండదన్న సంగతి మాత్రం వాళ్ళ ఆఫీసులో ఎవరికీ తెలీదు. అక్కడ ఎవరూ కూలికి పోయినవాళ్ళు కాదు మరి. ఆ మాటకొస్తే పెద్దిరాజు ఆఫీసులోనూ ఎవరూ పోలేదు.

మెట్లు మూడేసి చొప్పున దూకాడు. రోడ్డు దాటాడు. హాలు తలుపు తోసేసరికి అవతలి కొసన, తెల్లసూటులో ఉన్న దారాబ్‌కి జోసెఫ్ గహ్వా పోసిచ్చి వెనక్కి తగ్గుతున్నాడు. కాఫీ కప్పు పెదవుల దాకా వచ్చింది. ఖర్జూరాల పళ్ళెంతో లింబాద్రి దారాబ్ పక్కనే ఉన్నాడు.

"లింబాద్రీ! ఆ కప్పు కొట్టెయ్!"

రెండువందల మందిలో ఆ కేక అర్థమైంది ఇద్దరికే. రహమతున్నీసా తల దించుకుంది. లింబాద్రి ఎందుకని అడగలేదు, సైటు మీద కేకేస్తే ముందు పనిచేయడమే అలవాటు. పళ్ళెంతో దారాబ్ చేతిమీద ఒక్కటిచ్చాడు. కప్పు ఎగిరింది. గహ్వా అంతా తెల్లసూటు మీద పడింది.

జోసెఫ్ పారిపోలేదు. కూజాలో మిగిలింది తానే తాగేశాడు. రెండు నిమిషాలు తన్నుకున్నాడు, అంతే.

పెద్దిరాజు కల్నల్ జుబైర్ టేబుల్ దగ్గరకు నడిచి, అక్కడ నిలబడ్డ రహమతున్నీసాకు అందరికీ వినబడేలా, కల్నల్ మనుషులకు తెలిసిన ఉర్దూలో చెప్పాడు. "షుక్రియా బేగం. జోసెఫ్ సంగతి మీరు చెప్పకపోతే డాక్టర్ పోయేవాడు."

కల్నల్ మనుషులు ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టయింది. మర్నాడు హోటల్లో కనబడలేదు, ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు. పెద్దిరాజు దానికి ఒక్క పూటయినా బాధపడలేదు.

పక్క గదిలో డాక్టర్ దారాబ్ రుమాలుతో సూటు తుడుచుకుంటున్నాడు. "ఆ కూలివాడెవడు?"

"మీ ప్రాణం కాపాడినవాడు, సర్."

"తెలుసు. కానీ ఓటేసేవాళ్ళంతా ఏం చూశారు? ఒక కూలివాడు నన్ను కొట్టడం చూశారు. ఈ మరక కనబడుతున్నంతసేపూ అదే గుర్తొస్తుంది. ఓటింగు పది నిమిషాలే ఆపారు. వాణ్ణి పనిలోంచి తీసి దేశం నుంచి పంపించేశారని నేను బయటికెళ్ళి చెప్పాలి. అతని కఫీల్‌కి ఫోన్ చేయించండి."

చేయించారు. దారాబ్ పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. గెలిచాక శ్రామికుల చెమట గురించి అరగంట మాట్లాడాడు. పెద్దిరాజు ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాడు. చీఫ్ నుంచి జవాబొచ్చింది: "గట్టివాడే. ఢిల్లీ అతని వెనకే."

దుబాయ్ ఎయిర్‌పోర్టులో లింబాద్రిని బొంబాయి విమానం ఎక్కించడానికి పోలీసు పక్కనే నిలబడ్డాడు. మళ్ళీ రావడానికి లేదని ముద్ర కొట్టారు. మూడు రోజులుగా ఏడ్చిన కళ్ళు. పెద్దిరాజుకు ఆ కళ్ళలోకి చూడటం చేతకాలేదు.

"సార్, నిజం జెప్పుండ్రి. గా ఓడిపోయినోడు గెలిస్తే నన్ను ఏం జేస్తుండె?"

ఇద్దర్నీ నిజంగా తూచడం పెద్దిరాజుకు అదే మొదటిసారి.

"ఏమీ చేసేవాడు కాదు లింబాద్రీ," అన్నాడు. "వాడిది నల్లసూటు."